తొడ ఎముక సరైన ఆకారం ఎలా తెచ్చుకుంటున్నారు?

పీన్యా_కుర్రాడు: ఎం.టెక్ ప్రాజెక్టు. కంప్యూటర్‌లో తొడ ఎముక మోడల్ చేసి, అందులో హిప్ స్టెమ్ (తుంటి మార్పిడిలో ఎముక లోపలికి దించే కడ్డీ) పెట్టి ఒత్తిడి లెక్కలు చూడాలి. బెంగళూరులో ఒక స్కాన్ సెంటర్ వాళ్లు సీటీ ఇచ్చారు, స్లైసు (ఒక్కో అడ్డుకోత బొమ్మ) మందం 5 మి.మీ. ఎముకంతా మెట్లు మెట్లుగా వస్తోంది. సాఫ్ట్‌వేర్ ఏది? డెన్సిటీ ఎలా తీయాలి? వచ్చే నెలే వైవా, టెన్షన్‌గా ఉంది.

మారతహళ్లి_మెష్: 5 మి.మీ. అనేది రిపోర్టు చదవడానికి చేసే సెట్టు. సన్న స్లైసులు కొన్నాళ్లుంచి తుడిచేస్తారు. నేను రెండు వారాలు ఆలస్యంగా వెళ్తే లేవన్నారు, సెమిస్టర్ పోయింది. ఇది చదవడం ఆపి ఇప్పుడే వెళ్లండి. 1 మి.మీ. లోపువి, బోన్ కెర్నల్‌తో (ఎముక అంచులు పదునుగా తేల్చే ఫిల్టర్) చేసినవి అడగండి.

జయనగర్_22: అంత పరుగెందుకు? స్కాన్ నుంచి మోడల్ చేసే 3డీ స్లైసర్ సాఫ్ట్‌వేర్ ఉచితం. స్మూతింగ్ పెట్టండి, మెట్లు పోతాయి. నాది అలాగే పాసైంది.

మారతహళ్లి_మెష్: మెట్లతో పాటు ఎముకా పోతుంది! లాప్లాసియన్ స్మూతింగ్ (ప్రతి బిందువునూ చుట్టుపక్కల బిందువుల సగటుకి జరిపేది) నడిపిన ప్రతిసారీ ఆకారం కుంచించుకుపోతుంది. ఎముక మెడ దగ్గర పైభాగంలో కార్టెక్స్ (ఎముక గట్టి పైపొర) ఎంత పల్చనో తెలుసా? దాన్ని అరగదీసి ఒత్తిడి లెక్క చెబుతారా?

జయనగర్_22: స్మూతింగ్‌లోనే టాబిన్ పద్ధతి ఉంది, అది అలా కుదించదు. తెలియకుండా అరవకండి.

మారతహళ్లి_మెష్: రెండు స్లైసుల మధ్య స్కాన్‌లోనే లేని ఎముకను టాబిన్ ఎక్కణ్ణించి తెస్తుంది?

గిండీ_సీనియర్: చెన్నైలో పద్నాలుగేళ్లుగా ఇదే నా పని, మూడు వందల ఎముకలు నా చేతి మీదుగా వెళ్లాయి. అసలు సంగతి ఇద్దరూ వదిలేశారు. బోన్ కెర్నల్ అంచులు పదునుగా చూపిస్తుంది కానీ హెచ్‌యూ విలువల్ని (సీటీలో సాంద్రతను చూపే అంకెలు) మార్చేస్తుంది. డెన్సిటీకి మెత్తటి కెర్నల్ సెట్టు తీసుకో తమ్ముడూ, అదే మెషిన్‌లో అవే సెట్టింగులతో ఫాంటమ్ (సాంద్రత ముందే తెలిసిన నమూనా దిమ్మ) కూడా స్కాన్ చేయించు. ఇక 226 హెచ్‌యూ పైనున్నదంతా ఎముకే అని పెట్టి బటన్ నొక్కితే ఎముక తల, కటి గుంట కలిసి ఒకే ముద్దవుతాయి. కీలు దగ్గర స్లైసు స్లైసూ చేత్తో గీయాల్సిందే. నమ్మకం లేకపోతే మటన్ కొట్టు నుంచి పొట్టేలు తొడ ఎముక తెచ్చి స్కాన్ తీయించు, తర్వాత ఉడికించి, శుభ్రం చేసి వెర్నియర్‌తో కొలువు. నీ మోడల్ ఎంత తేడాగా ఉందో అప్పుడు తెలుస్తుంది.

కోరమంగళ_ఫిజియో: విజిబుల్ హ్యూమన్ డేటా (ఒక మనిషి శరీరం మొత్తం స్కాన్‌లు) 1994 నుంచీ ఉంది కదా. స్కాన్ సెంటర్ల చుట్టూ తిరగడం దేనికి?

బన్నేర్‌ఘట్ట_అమ్మాయి: అది అమెరికా మనిషి శరీరమండీ. మా అమ్మ మోకాలి ఆపరేషన్‌కి చిన్న సైజు దొరక్క తేదీ వాయిదా వేశారు. మన వాళ్ల ఎముకలు మనమే కొలుచుకోవాలి.

కోరమంగళ_ఫిజియో: అడిగింది తుంటి గురించి. మోకాలు వేరే థ్రెడ్‌లో పెట్టండి.

పీన్యా_కుర్రాడు: వెళ్లొచ్చాను. 0.625 మి.మీ. సెట్టు ఇంకా ఉంది! ఎథిక్స్ కమిటీ లెటర్ చూపిస్తే పేషెంట్ పేరు తీసేసి ఇచ్చారు. స్కానర్ తీసిన రా డేటా (బొమ్మలుగా మార్చకముందు కొలతలు) పోయిందట, మెత్తటి కెర్నల్‌తో మళ్లీ చేయలేమన్నారు. గిండీ అన్నా, పొట్టేలు ఎముకకు స్కాన్ ఎవరు తీస్తారు?