అలాస్కా ఓడ టికెట్లు: ఏజెంటు దగ్గరా, నేరుగా కంపెనీ దగ్గరా?

కృష్ణాతీరం:

అందరికీ నమస్కారం. మే నెలలో అమ్మానాన్నలు తెనాలి నుంచి వస్తున్నారు. నాన్నగారికి డెబ్బై దాటాయి, మోకాళ్లు సహకరించడం లేదు. కాలినడకన తిరిగి చూడవలసిన ఊళ్లు ఆయనకు ఇక కుదరవు. కూర్చున్న చోటి నుంచే మంచుకొండలు కనిపించే ప్రయాణం ఒక్కటైనా చేయించాలని, జూలైలో సియాటిల్ నుంచి బయలుదేరే ఏడు రాత్రుల అలాస్కా ఓడ చూసి పెట్టాను. జూనో, స్కాగ్వే, కెచికాన్, చివరి సాయంత్రం కెనడాలోని విక్టోరియా. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, అమ్మానాన్నలు, రెండు గదులు.

చిక్కల్లా టికెట్లు ఎక్కడ కొనాలన్నదే. ఆఫీసులో ఒకాయన ఏజెంటు లేకుండా ఓడ ఎక్కవద్దంటాడు. మా బావమరిది నేరుగా కంపెనీ సైటులో కొనుక్కోక మధ్యలో ఇంకొకడెందుకంటాడు. రెండు చోట్లా ధర అడిగాను. ఒక్క డాలరు తేడా లేదు! ధర ఒకటే అయినప్పుడు ఏజెంటు బతికేది దేనిమీద? నాకు కలిసివచ్చేది ఏమిటి? అనుభవం ఉన్నవారు చెప్పండి.

మంజీర:

నేరుగా కొనండి. ఈ మాట నేను డబ్బు పోగొట్టుకుని చెబుతున్నాను.

మూడేళ్ల క్రితం ఒక ఏజెంటు ద్వారా బాల్కనీ గది తీసుకున్నాం. తుది చెల్లింపుకు ఇంకా నెల రోజులుండగా అదే గది ధర 640 డాలర్లు తగ్గింది. అమెరికాలో కొన్న టికెట్లకు ఆ గడువులోపు ధర తగ్గితే చాలా కంపెనీలు అడిగినవారికి సవరించి ఇస్తాయి. ఏజెంటుకు ఫోను చేశాను, ఎత్తలేదు. మెయిలు పెట్టాను, జవాబు లేదు. కంపెనీకే ఫోను చేశాను. అవతల అమ్మాయి ఎంతో మర్యాదగా, "ఈ బుకింగు మీ ఏజెంటు చేతిలో ఉంది, మేము మార్చలేము" అంది. టికెట్టు మీద ఉన్నది నా పేరు, కట్టింది నా కార్డు, మార్చే అధికారం మాత్రం ఇంకొకరిది. నాలుగో రోజున ఏజెంటు పలికేసరికి పాత ధర తిరిగి వచ్చేసింది.

అప్పటి నుంచి అన్నీ నేనే. వారానికొకసారి, బుధవారం రాత్రి, ధర చూస్తాను. తగ్గితే అప్పటికప్పుడు ఫోను చేస్తాను.

గోదారిగట్టు:

మంజీర గారూ, మీకు పోయింది 640 డాలర్లు. మా ఇంట్లో పోయింది ప్రయాణమే.

2023లో మా వారు నేరుగా సైటులో కొన్నారు. గదులు ఎంచుకోవడం, డబ్బు కట్టడం, చెక్-ఇన్ అన్నీ సాఫీగా జరిగిపోయాయి. ఏ దేశస్థులని సైటు అడిగింది, పాస్‌పోర్టు నంబర్లు తీసుకుంది. చివర్లో "అవసరమైన పత్రాలన్నీ నా దగ్గర ఉన్నాయి" అనే గడి దగ్గర టిక్కు పెట్టమంది. పెట్టాం. రేవు దగ్గర కారు దిగగానే కూలీలు పెట్టెలు తీసుకుని లోపలికి పంపేశారు. అరగంట వరుసలో నిలబడ్డాక బల్ల దగ్గర అమ్మాయి మా అత్తయ్య పాస్‌పోర్టు పేజీలన్నీ తిప్పి, మళ్లీ మొదటి నుంచి తిప్పి, "కెనడా వీసా ఏది?" అంది. అమెరికా వీసా చూపించాం. అది కాదంది. విక్టోరియాలో మేము దిగమని, ఓడలోనే కూర్చుంటామని బతిమాలాం. ఓడలో కూర్చున్నా కెనడా రేవులోకి వెళ్లినట్టేనట.

వెనక్కి వచ్చేశాం. మా పెట్టెలు అప్పటికే ఓడలోకి ఎక్కేశాయి. అవి దించి తెచ్చేదాకా మూడు గంటలు అక్కడే బెంచీ మీద కూర్చున్నాం. ఎదురుగా ఆ ఓడే! మా మామయ్యగారు దాని వైపు చూడకుండా ఫోనులో పాత ఫొటోలు చూస్తూ ఉన్నారు. పత్రాలు లేక ఎక్కనివ్వకపోతే డబ్బు వాపసు ఉండదని ఒప్పందంలో రాసే ఉంది. మేము చదవలేదు.

ఆ విక్టోరియా ఎందుకో కూడా తరువాతే తెలిసింది. అక్కడ నాలుగైదు గంటలే ఆగుతుంది, అదీ రాత్రి పూట. అది చూడదగ్గ ఊరని పెట్టినది కాదు. విదేశీ జెండా ఉన్న ఓడలు అమెరికా రేవుల మధ్య ప్రయాణికులను చేరవేయకూడదని 1886లో చేసిన చట్టం ఉంది. ఈ పెద్ద ఓడలన్నీ దాదాపు బహమాస్ వంటి దేశాల జెండాతో తిరిగేవే. సియాటిల్‌లో ఎక్కించుకుని సియాటిల్‌లోనే దించాలంటే మధ్యలో ఒక విదేశీ రేవును తాకి తీరాలి. కరోనా సమయంలో కెనడా రేవులు మూసేస్తే 2021లో అమెరికా ప్రత్యేకంగా చట్టం చేసి ఆ నిబంధనను తాత్కాలికంగా సడలించవలసి వచ్చింది. అంటే సియాటిల్ నుంచి వెళ్లే అలాస్కా ఓడలో కెనడా ఉన్నట్టే. మొదటి ఫోనులోనే "మీవి ఏ దేశపు పాస్‌పోర్టులు?" అని అడిగే మనిషి ఒకరుంటే మాకు ఆ రోజు రాకపోను.

మంజీర:

గోదారిగట్టు గారూ, మీ అత్తమామల సంగతి చదివి బాధ కలిగింది. కానీ ఆ మనిషి ఏజెంటే అవుతాడన్న నమ్మకం నాకు లేదు. ఇక్కడి ఏజెంట్ల దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది అమెరికా పౌరులు. బయలుదేరిన రేవుకే తిరిగి వచ్చే ఓడైతే వారికి పాస్‌పోర్టు కూడా అక్కరలేదు, జనన ధ్రువపత్రం, డ్రైవింగ్ లైసెన్సు ఉంటే సరిపోతుంది. ఇరవై ఏళ్లుగా వాళ్లకే టికెట్లు అమ్మిన మనిషికి మన పాస్‌పోర్టు సంగతి తెలియకపోవచ్చు. పైగా "పత్రాల బాధ్యత ప్రయాణికుడిదే" అనే వాక్యం ఏజెంటు కాగితంలోనూ ఉంటుంది.

ఓరుగల్లు:

ముందే చెప్పేస్తున్నాను: ఉద్యోగంతో పాటు నేను ఇంటి నుంచి ఓడ ప్రయాణాల ఏజెంటుగా కూడా పనిచేస్తున్నాను. ఎవరికీ ఇక్కడ నా సేవలు అమ్మను, నంబరు అడగవద్దు.

కృష్ణాతీరం గారి మొదటి ప్రశ్నకు జవాబు: మాకు డబ్బిచ్చేది కంపెనీ. మూల ధర మీద సాధారణంగా 10 నుంచి 16 శాతం. రేవు రుసుములు, పన్నులు, కంపెనీ కమీషను లేదని పక్కన పెట్టిన భాగం తీసేశాకే లెక్క. అందులో నేను ఎవరి కింద పనిచేస్తున్నానో ఆ ఏజెన్సీకి వాటా పోతుంది. మీరు నేరుగా కొంటే ఆ కమీషను మీకు రాదు, కంపెనీ దగ్గరే మిగిలిపోతుంది. ప్రకటించిన ధరకంటే తగ్గించి అమ్మడాన్ని పెద్ద కంపెనీలు ఒప్పుకోవు. అందుకే రెండు చోట్లా ఒకే అంకె కనిపించింది. మేము ఇవ్వగలిగేది చాలావరకు ఓడలో ఖర్చు పెట్టుకోవడానికి కొంత సొమ్ము, లేదా ముందే గుంపుగా పట్టి ఉంచిన గదుల ధర.

మంజీర గారి కోపం న్యాయమైనదే. ఒక్కో బుకింగు మీద చేతికి వచ్చేది కొన్ని వందల డాలర్లు. వందలాది బుకింగులు నెత్తిన వేసుకున్న ఏజెంటు మీ ధర తగ్గిందా లేదా అని చూడడు. నేను చూస్తాను, ఎందుకంటే నా దగ్గర ఉన్నవి ముప్పై. ఏజెంటును పెట్టుకునేవారు అడగవలసింది అదే: ధర ఎవరు చూస్తారు, ఎన్ని రోజులకొకసారి, మీరు సెలవులో ఉంటే ఎవరు పలుకుతారు? కాలిఫోర్నియా, ఫ్లోరిడా, వాషింగ్టన్ రాష్ట్రాల్లో ప్రయాణాలు అమ్మేవారు రాష్ట్రం దగ్గర నమోదు చేసుకోవాలి. ఆ నంబరు అడగండి. చెప్పడానికి నసిగితే ఫోను పెట్టేయండి.

చాలామందికి తెలియని ఒక సంగతి ఉంది. నేరుగా కొన్న టికెట్టును తరువాత ఏజెంటుకు అప్పగించడానికి చాలా కంపెనీలు కొంత గడువు ఇస్తాయి. పూర్తి డబ్బు కట్టేయకముందే ఆ పని చేయాలి. ఏజెంటు దగ్గర కొన్నదాన్ని వెనక్కి కంపెనీ చేతికి తెచ్చుకోవడం మాత్రం మహా కష్టం. ఏమీ తేల్చుకోలేకపోతే వాపసు వచ్చే డిపాజిట్టుతో నేరుగా గదులు పట్టి ఉంచండి, ఆ గడువులోగా మనిషిని వెతుక్కోండి.

మయామీ నుంచి మూడు రాత్రుల బహమాస్ ప్రయాణానికైతే ఏజెంటు అక్కరలేదు, నేనే చెబుతున్నాను. కాకపోతే మీది హెచ్-1బి (ఉద్యోగ వీసా) అయి పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరి ఉంటే బహమాస్ జోలికి పోవద్దు, తిరిగి రానివ్వరు. కెనడా, మెక్సికోలకు 30 రోజుల్లోపు వెళ్లివచ్చేవారిని స్టాంపు తీరినా తిరిగి రానిచ్చే మినహాయింపు ఆ దీవులకు వెళ్లే హెచ్-1బి వారికి లేదు.

పెన్నా:

హైదరాబాదులో కొనే దారి గురించి ఎవరూ చెప్పలేదు. 2024లో మా నాన్నగారు పట్టుబట్టి తన డబ్బుతోనే, రూపాయల్లోనే, అక్కడి ఒక టూర్ల సంస్థలో కట్టారు. ఎనిమిది లక్షల ప్యాకేజీ. దాని మీద టీసీఎస్ (అమ్మేవారే ముందుగా వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను): మొదటి ఏడు లక్షలకు 5 శాతం, పైన లక్షకు 20 శాతం, మొత్తం 55 వేలు అదనంగా కట్టించుకున్నారు. రిటర్ను వేశాక సర్దుబాటయ్యే డబ్బే అది. కానీ పింఛను మీద బతికే మనిషికి అన్ని నెలలు 55 వేలు చేతిలో లేకపోవడం చిన్న సంగతి కాదు. 2025 ఏప్రిల్‌లో ఆ హద్దును 10 లక్షలకు పెంచారు. ఈ రేట్లు బడ్జెట్టుతో మారుతుంటాయి, కట్టే ముందు చూసుకోండి.

అయినా నేను అక్కడి ఏజెంటు వైపే మాట్లాడతాను. తేడా వస్తే నాన్నగారు తన జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. 2019 చట్టం ఫిర్యాదుదారు ఉండే ఊళ్లోనే ఆ అవకాశం ఇచ్చింది. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే రుసుము కూడా లేదు. ఓడ కంపెనీతో గొడవ అయితే అలా కుదరదు. 1991లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఒకటి ఉంది, కార్నివాల్ కంపెనీకీ షూట్ దంపతులకూ మధ్య. వాళ్లది వాషింగ్టన్ రాష్ట్రం, టికెట్టు కొన్నది ఊళ్లోని ఏజెంటు దగ్గర. ఆమె జారిపడింది మెక్సికో తీరం దగ్గర. దావా మాత్రం ఫ్లోరిడాలోనే వేయాలన్నారు, టికెట్టు మీద అలా అచ్చేసి ఉంది కాబట్టి. సొంత దేశపు పౌరులకే దేశం ఆ చివరకు వెళ్లమన్నారు. తెనాలి పెద్దాయన మయామీలో దావా వేయగలరా?

మంజీర:

పెన్నా గారూ, ఆ దంపతులు కొన్నది ఏజెంటు దగ్గరే కదా. ఏజెంటు ఉన్నంత మాత్రాన ఓడ మీద జరిగినదానికి ఊళ్లో కోర్టు దొరకలేదని ఆ తీర్పే చెబుతోంది.

పెన్నా:

ఓడ మీద పడిపోతే దొరకదు, ఒప్పుకుంటాను. టికెట్టు అమ్మినవారు చేసిన తప్పుకు దొరుకుతుంది. కెనడా వీసా అక్కరలేదని రాతపూర్వకంగా చెప్పిన ఏజెంటు మీద దొరుకుతుంది. సైటులో టిక్కు పెట్టిన గడి మీద దొరకదు.

నల్లమల:

గది సంగతి మరిచిపోకండి. మా అమ్మకు తీసుకున్న గది సరిగ్గా వంటశాల కింద వచ్చింది. రోజూ తెల్లవారుజామున నాలుగింటికి తలమీద ఇనుప చక్రాల బండ్లు దొర్లేవి. ఏడు రాత్రులు ఆమెకు నిద్ర లేదు. "ఏ గదైనా ఫరవాలేదు" అనే చవక రకం తీసుకున్నాం, గది నంబరు కంపెనీ ఇష్టం. పెద్దవాళ్లకు అది వద్దు. పైనా కిందా గదులే ఉండే అంతస్తులో, ఓడ మధ్యభాగంలో, లిఫ్టుకు దగ్గరగా తీసుకోండి. అంతస్తుల పటం సైటులోనే ఉంటుంది. ఏజెంటు తీసినా మీరు తీసినా చూసుకోవలసింది దాన్నే.

కృష్ణాతీరం:

అందరికీ కృతజ్ఞతలు. ఈ వారం జరిగింది చెబుతాను.

ముగ్గురు ఏజెంట్లకు ఫోను చేసి అందరినీ ఒకే మాట అడిగాను: "పిల్లలవి అమెరికా పాస్‌పోర్టులు, మా నలుగురివి భారత పాస్‌పోర్టులు. ఏమేమి కావాలి?" మొదటి ఇద్దరూ పాస్‌పోర్టులుంటే చాలన్నారు. మూడో ఆమె నా ప్రశ్నకు జవాబు చెప్పకుండా తిరిగి నన్నే అడగడం మొదలుపెట్టింది. మీకు గ్రీన్ కార్డు ఉందా? లేదన్నాను. ఉంటే మీ ఇద్దరికీ కెనడా వీసా అక్కరలేకపోయేది, ఇప్పుడు నలుగురికీ కావాలంది. అమ్మానాన్నల అమెరికా వీసా ఎన్నిసార్లయినా రావడానికి వీలైనదేనా? నా హెచ్-1బి స్టాంపు ఎప్పటిదాకా? అది పోయిన నవంబరులోనే తీరిపోయింది. ఓరుగల్లు గారు చెప్పిన 30 రోజుల మినహాయింపు ఆమె కూడా చెప్పింది. ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు నమోదు పత్రం), హెచ్-1బి అనుమతి పత్రం అసలు ప్రతి వెంట ఉండాలని గుర్తుచేసింది.

ఆమె చేతికే ఇవ్వాలనుకుంటున్నాను. అయినా మొదట నేనే నేరుగా, వాపసు వచ్చే డిపాజిట్టుతో, రెండు గదులు పట్టి ఉంచాను. కెనడా వీసాలు రావాలి. మనిషికి 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకు ఇంకో 85. అమ్మానాన్నల దరఖాస్తు నిన్ననే పంపాం.

మంజీర:

మంచి పని చేశారు. బుకింగు ఆమెకు అప్పగించే ముందు ధర ఎవరు చూడాలో మెయిలులో రాయించుకోండి. ఫోనులో చెప్పిన మాట నాకు పనికి రాలేదు.

కృష్ణాతీరం:

రాయించుకున్నాను. ప్రతి సోమవారం ఆమె, ప్రతి బుధవారం నేను. నల్లమల గారూ, పటం తీసి చూశాను: నాన్నగారికి ఆమె చెప్పిన గది పైన ఉన్నవి గదులే, కానీ లిఫ్టుకు పదకొండు తలుపుల దూరం. దగ్గరగా ఉన్నది ఒకటి ఖాళీ ఉంది, కిటికీ ముందు ప్రాణరక్షక పడవ అడ్డం. మోకాళ్లు చూడాలా, కిటికీ చూడాలా అని నాన్నగారినే అడిగాను. నడుస్తానన్నారు.