రోడ్డు మీద బూతు మాటకి ఫైన్ నిజమేనా?

ప్రశ్న: నమస్కారం అండీ. వచ్చే నెల ఆస్ట్రేలియాలోని డబ్బో ఊరి ఆసుపత్రిలో నర్సుగా చేరుతున్నాను. అక్కడ బూతు మాట్లాడితే ఫైన్ వేస్తారట, నిజమేనా? వీసాకి ఇబ్బందా?

సిడ్నీ నుంచి: నిజమే అమ్మా. డబ్బో, సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో 1988 నాటి సమ్మరీ అఫెన్సెస్ చట్టం, సెక్షన్ 4ఏ. నీ ఇంటి వరండాలో అన్నా సరే, రోడ్డు మీదికి వినపడితే వర్తిస్తుంది. పోలీసు అక్కడికక్కడే 500 డాలర్ల నోటీసు రాసిస్తాడు, 2014కి ముందు 150 ఉండేది. కోర్టులో గరిష్ఠం 660. నోటీసు డబ్బు కట్టేస్తే శిక్ష పడినట్టు కాదు. వీసా ఫారంలో ఏం రాయాలో మాత్రం మైగ్రేషన్ ఏజెంటునే అడుగు. ఏది బూతో చట్టంలో జాబితా లేదు, ముందు తేల్చేది ఎదురుగా ఉన్న పోలీసే.

డబ్బో నుంచి: వీసా సంగతి అలా ఉంచండి. ఈ సెక్షన్ దెబ్బ ఎక్కువగా పడేది అబోరిజినల్ వాళ్ల మీద, అంటే ఇక్కడి ఆదివాసుల మీద, రేపు మీ వార్డుకి వాళ్లూ వస్తారు. పోలీసు ఆపుతాడు, మనిషి తిడతాడు, తిట్టినందుకు అరెస్టు. చెయ్యి విదిలిస్తే ఎదిరించాడని ఒక కేసు, ఆ చెయ్యి తగిలితే పోలీసు మీద దాడి అని ఇంకొకటి. ఈ మూడింటినీ కలిపి ట్రైఫెక్టా అంటారు. మన పక్కనే వెల్లింగ్టన్‌లో 2000లో పోలీసు కారు మీద రాయి పడింది. అక్కడున్న అబోరిజినల్ మనిషి 'నేను విసర్లేదు' అని బూతు కలిపి అన్నాడు. అరెస్టన్నారు, పరిగెత్తాడు, పెనుగులాట, మీద ఇంకా కేసులు. అతని పేరూ ఇల్లూ వాళ్లకి తెలుసు, సమన్లు పంపితే సరిపోయేది. 2002లో రాష్ట్ర సుప్రీంకోర్టు అదే మాట చెప్పింది. 1991లోనే, కస్టడీలో అబోరిజినల్ వాళ్ల మరణాల మీద విచారించిన రాయల్ కమిషన్ తన 86వ సిఫార్సులో, పోలీసులే కదిపిన గొడవలో తిట్టినందుకు మామూలుగా అరెస్టు వద్దంది. వింటేగా!

బ్రిస్బేన్ నుంచి: మా క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోనూ ఇంతే.

సిడ్నీ నుంచి: ఇంతే కాదండీ. మీకు 2005 చట్టం కింద పబ్లిక్ న్యూసెన్స్, ఆరు నెలల జైలు దాకా ఉంది. మాకు జైలు లేదు.

డబ్బో నుంచి: లేదనకండి అన్నా. 4ఏలో లేదు, వెనకాల వచ్చే రెండు కేసుల్లో ఉంది. ఫైన్ కట్టలేకపోతే లైసెన్సు సస్పెండ్, బస్సులు లేని ఊళ్లో తప్పక బండి తీస్తే మళ్లీ కేసు. నర్సమ్మా, పేషెంటు జేబులో నోటీసు కనబడితే గడువు తేదీ చూడండి. 'సరైన కారణం ఉంది' అని కోర్టులో వాదించుకునే హక్కు ఉంది, గడువులోపే కోర్టు కోరుకోవాలి. దానికి అబోరిజినల్ లీగల్ సర్వీస్‌కి ఫోన్ చేయించండి. కట్టే స్తోమత లేకపోతే వర్క్ అండ్ డెవలప్‌మెంట్ ఆర్డర్ అడగొచ్చు, చికిత్సకి, కౌన్సెలింగ్‌కి వెళ్లినా బాకీ తగ్గుతుంది. అబోరిజినల్ పేషెంట్లకీ ఆసుపత్రికీ మధ్య సాయంగా ఉండే మీ అబోరిజినల్ లైజాన్ ఆఫీసర్‌ని మొదటి వారంలోనే కలవండి.