గృహప్రవేశానికి అన్ని మతాల స్నేహితులూ వస్తున్నారు, ప్రసాదం, భోజనం, ఉపవాసాల గురించి చెప్పండి

వేదాయపాళెం_వాసి

అందరికీ నమస్కారం. నెల్లూరు వేదాయపాళెంలో కట్టుకున్న ఇంటికి ఫాల్గుణంలో గృహప్రవేశం పెట్టుకున్నాం. శుక్రవారం తెల్లవారుజామున ముహూర్తం, తర్వాత సత్యనారాయణ వ్రతం, పన్నెండున్నరకి శాకాహార భోజనం. పిలిచేది నూట ఇరవై మందిని. వాళ్లలో ఇద్దరు ముస్లిం స్నేహితులు కుటుంబాలతో వస్తారు. ఒంగోలు నుంచి ఒక బాప్టిస్ట్ కుటుంబం, స్టోన్‌హౌస్‌పేటలో బట్టల కొట్టున్న జైన్ పెద్దాయన, మా ఆఫీసులో బౌద్ధం పాటించే ఒక అన్న కూడా వస్తారు.

నా టెన్షన్ ఏంటంటే, రెండేళ్ల కింద మా నాయన షష్టిపూర్తిలో ఒక స్నేహితుడి భార్య ప్రసాదం తీసుకోలేదు. చేతులు జోడించి "ఏమనుకోవద్దు ఆంటీ" అంది. అమ్మ ఇప్పటికీ ఆ మాట తలుచుకుని బాధపడుతుంది. దానికి కారణం ఉంది. సొంతిల్లు కావాలని అమ్మ మొహర్రంలో బారాషహీద్ దర్గాలో రొట్టెల పండుగకి వెళ్లి, స్వర్ణాల చెరువులో దిగి, ఆ కోరిక ఉన్నవాళ్లు తీసుకునే ఇంటి రొట్టె అందుకుంది. "వాళ్ల రొట్టె నేను కళ్లకద్దుకుని తిన్నా కదా, నా ప్రసాదం వాళ్లకెందుకు చేదయింది?" అంటుంది. ఆ అమ్మాయి క్రైస్తవురాలు, దర్గాతో సంబంధం లేదని చెప్పినా అమ్మ మనసు కుదుటపడలేదు. ఈసారి ఎవరూ నొచ్చుకోకూడదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

దర్గామిట్ట_భాయ్

అన్నా, ముందు ఒక మాట. ఫాల్గుణం అంటున్నారు, ఈసారి అప్పటికి రంజాన్ మొదలైపోతుంది. మీ ముస్లిం స్నేహితులు పన్నెండున్నరకి భోజనానికి కూర్చోలేరు, నీళ్లు కూడా తాగరు. తెల్లవారుజామున సహరీ చేస్తే మళ్లీ పొద్దుగూకాకే. పైగా శుక్రవారం మధ్యాహ్నం జుమా నమాజు, మసీదులో జమాతుతో చదవాల్సిందే. వాళ్లు మొహమాటానికి వచ్చి ఖాళీ విస్తరి ముందు కూర్చుంటే మీకూ వాళ్లకూ ఇబ్బంది.

ఇది చాలామందికి తట్టదు, ఎందుకంటే రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. మీ పంచాంగంలో అధికమాసం కలిపి ఋతువులకు సరిచేస్తారు. మా హిజ్రీ సంవత్సరంలో అది లేదు, 354 రోజులకే ఏడాది తిరిగిపోతుంది. మా చిన్నప్పుడు ఎండల్లో రోజాలున్నాం, వానల్లోనూ ఉన్నాం.

రోగులకు, ప్రయాణంలో ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది, తర్వాత ఆ రోజులు తీర్చుకోవాలి. అందుకే ఎవరైనా తింటున్నా, తినకపోయినా కారణం అడగకండి. ఆడవాళ్లను అసలు అడగొద్దు.

ప్రసాదం సంగతి మాలో అందరిదీ ఒకే మాట కాదు. ఖురాన్ రెండో అధ్యాయం 173వ వాక్యంలో చచ్చిన జంతువు, రక్తం, పంది మాంసం, అల్లాహ్ పేరు కాక వేరే పేరున అర్పించినది వద్దని ఉంది. అది ముఖ్యంగా మాంసానికేనని కొందరంటారు. అర్పించిన ఏ తిండైనా అంతేనని ఇంకొందరు. నేను తీసుకోను. నా స్నేహితులు కొందరు తీసుకుంటారు. నేను తీసుకోనిది మీమీద చులకనతో కాదు. మాకు మొట్టమొదటి మూలస్తంభమే "అల్లాహ్ తప్ప ఆరాధ్యుడు లేడు" అన్న సాక్ష్యం. నమాజు, రోజా, జకాత్, హజ్ అన్నీ దాని తర్వాతే. ఆ మొదటి మాట నిలబెట్టుకోవడానికే చెయ్యి వెనక్కి వస్తుంది.

రొట్టెల పండుగ విషయంలో కూడా మా ఇంట్లోనే రెండు దారులు. మా నానమ్మ ఏటా వెళ్లేది. మా నాన్న "ఇచ్చేది అల్లాహ్ ఒక్కడే" అని వెళ్లడు. ఇద్దరూ ఒకే కప్పు కింద బతికారు.

వేదాయపాళెం_వాసి

భాయ్, రంజాన్ సంగతి నిజంగా నాకు తట్టనేలేదు. ముహూర్తం మార్చలేను. సాయంత్రం వాళ్లను ఇఫ్తార్‌కి పిలిస్తే బాగుంటుందా?

దర్గామిట్ట_భాయ్

చాలా బాగుంటుంది. ముందు ఖజూరం, నీళ్లు. తర్వాత పది నిమిషాలు మగ్రిబ్ నమాజు, ఆ తర్వాత భోజనం. శాకాహారమైతే హలాల్ ప్రశ్నే రాదు. నమాజుకి ఒక గది ఊడ్చి దుప్పటి పరచండి, ఎదురుగా పటాలు లేకుండా చూడండి. ఖిబ్లా, అంటే నమాజులో మేం ముఖం తిప్పే మక్కా దిక్కు, మన నెల్లూరు నుంచి పడమర, కొంచెం ఉత్తరానికి. వజూకి, అంటే నమాజుకి ముందు ముఖం, కాళ్లు చేతులు కడుక్కోవడానికి, కుళాయి చూపిస్తే చాలు.

పురోహితుల_ఇంటి_ఆడపడుచు

మీ అమ్మగారి బాధ నాకు అర్థమైంది, ఆమె వైపు నుంచి రెండు మాటలు చెప్పాలి. వ్రత కథ విన్నవాళ్లకు తెలుసు. భర్త వచ్చాడని కళావతి ప్రసాదం తీసుకోకుండా పరిగెత్తితే పడవ కనపడకుండా పోయింది. తుంగధ్వజుడు గొల్లవాళ్లు పెట్టిన ప్రసాదం వదిలేసి బిడ్డల్నీ, సంపదనూ పోగొట్టుకున్నాడు. చిన్నప్పటి నుంచీ ఆ కథ వింటూ పెరిగిన పెద్దావిడకు, ఎవరైనా ప్రసాదం వద్దంటే అవమానం ఒక్కటే కాదు, ఆ అమ్మాయికి కీడు జరుగుతుందేమోనన్న భయం కూడా ఉంటుంది. బహుశా అమ్మగారు అది పైకి చెప్పి ఉండరు.

మా నాన్నగారు ఇలాంటప్పుడు చెప్పేవారు: తుంగధ్వజుడిది అహంకారం, కులం చూసి వదిలేశాడు. తన దేవుడి మీద భక్తితో చెయ్యి జోడించినవాళ్లకు ఆ కథ వర్తించదు. ఈ మాట అమ్మగారికి మీరు నిదానంగా చెప్పండి.

ఇక పని సంగతి. చాలా ఇళ్లలో భోజనం మొత్తం గుండిగలతోనే మహానివేదన చేస్తారు. అలా చేస్తే మొత్తం వంటా ప్రసాదమే అయిపోతుంది, అప్పుడు పాటింపు ఉన్నవాళ్లు అన్నం కూడా తినలేరు. నైవేద్యానికి ముందే చిన్న గిన్నెల్లోకి తీసి పక్కన పెట్టించండి. శాస్త్రానికీ లోటు లేదు. వంటాయనకు ముందు రోజే చెప్పాలి, ఆ పొద్దున హడావిడిలో ఎవరూ వినరు.

ఒంగోలు_టీచరమ్మ

మీ స్నేహితుడి భార్య స్థానంలో నేను చాలాసార్లు నిలబడ్డాను అన్నా. ప్రతిసారీ గుండె దడదడలాడుతుంది. ప్రేమగా పెట్టిన దాన్ని వద్దనడం తేలిక అనుకోకండి.

మాకు ఇది కొత్త ప్రశ్న కాదు. పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రికలోనే ఉంది. విగ్రహానికి అర్పించింది తినొచ్చా అని వాళ్లు అడిగారు. పదో అధ్యాయంలో ఆయన చెప్పింది ఏంటంటే, వేరే విశ్వాసం వాళ్లు భోజనానికి పిలిస్తే వెళ్లండి, పెట్టింది ఏమీ అడక్కుండా తినండి. కానీ "ఇది అర్పించింది" అని ఎవరైనా చెబితే తినొద్దు. అందుకే నేను మా హిందూ స్నేహితుల ఇళ్లలో పంక్తిలో కూర్చుని కడుపునిండా తింటాను. ప్రసాదం అని చేతిలో పెట్టినప్పుడే ఆగిపోతాను. మా చెల్లెలు అలా కాదు, ప్రేమతో ఇస్తున్నారని తీసుకుంటుంది. మేమిద్దరం ఒకే ఏబీఎం (అమెరికన్ బాప్టిస్ట్ మిషన్) చర్చిలో పెరిగాం.

బాప్టిస్టుల్లో విశ్వాసం ఎవరిది వాళ్లు ఒప్పుకోవాలి. పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వం, తెలిసి అడిగినవాళ్లనే నీళ్లలో ముంచుతాం. మా ఒంగోలు చరిత్రంతా ఆ మాట మీదే నిలబడింది. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ క్లౌ దొర ఆకలితో ఉన్నవాళ్లకు పని దొరకాలని బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. వేలమంది బాప్తిస్మం అడిగినా కరువు ఉన్నన్నాళ్లూ ఇవ్వలేదు, గంజి కోసం వచ్చారన్న మాట ఉండకూడదని. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా ముత్తాతల తరం కథ ఇది. ఆ నది పేరు వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇంకో సంగతి, ఆడవాళ్ల దగ్గర బొట్టు. గృహప్రవేశంలో అందరికీ బొట్టు పెట్టి, కాళ్లకు పసుపు రాస్తారు. మాలో చాలామంది పెట్టుకోరు. బొట్టు కాకుండా పండు, పువ్వు, జాకెట్టు ముక్క ఇస్తే సంతోషంగా తీసుకుంటాం.

కావలి_మరియమ్మ_వీధి

మేం ఆర్సీయం, అంటే రోమన్ కాథలిక్కులం. ఫాల్గుణం అంటే మాకు తపస్సు కాలం కూడా వచ్చేస్తుంది. విభూతి బుధవారం నుంచి ఈస్టర్ దాకా ఆదివారాలు వదిలేసి 40 రోజులు. శుక్రవారాలు మాంసం తినం. మీది శాకాహారమే కాబట్టి మాకు ఇబ్బంది లేదు. టీచరమ్మగారు చెప్పిన దానికి భిన్నంగా మేం పసిపిల్లలకే జ్ఞానస్నానం ఇస్తాం. మా ఇంట్లో కొత్త ఇంటికి ఫాదర్ వచ్చి తీర్థం చల్లి దీవిస్తారు. కాబట్టి గృహప్రవేశం అంటే ఏంటో మాకు బాగా తెలుసు.

స్టోన్‌హౌస్‌పేట_కుర్రోడు

మా తాతల కాలంలో రాజస్థాన్ నుంచి వచ్చాం, నెల్లూరులోనే పుట్టి పెరిగా. మీ పెద్దాయన కోసం చెప్తున్నా.

శాకాహారం అనగానే జైనులకు సరిపోతుందనుకుంటారు, అక్కడే పొరపాటు. నేల కింద పెరిగేవి మేం తినం: ఉల్లి, వెల్లుల్లి, ఆలు, క్యారెట్, ముల్లంగి, పచ్చి అల్లం. దుంప పీకితే మొక్క చచ్చిపోతుంది, ఆ దుంపలో లెక్కలేనన్ని జీవాలు ఉంటాయని మా నమ్మకం. ఎండిన పసుపు, శొంఠి మాత్రం వాడతాం. వంకాయ కూడా చాలామంది ముట్టరు, గింజలు ఎక్కువని. బీరకాయ, దొండకాయ, అరటికాయ, కందిపప్పు, పెరుగు ఉంటే మా నాన్న హాయిగా తింటారు. పోపులో ఉల్లి పడకుండా ఒక్క చిన్న గిన్నె వేరుగా చేయించండి, చాలు.

ప్రసాదం గురించి అమ్మగారికి ఇది చెప్పండి. మా గుడిలో తీర్థంకరుడి ముందు పెట్టింది మేమే తిరిగి తినం. ఆయన వీతరాగుడు, తీసుకోడు, ఇవ్వడు. మనం పెట్టేది వదులుకోవడం కోసం. వదిలేసింది మళ్లీ ఎందుకు తీసుకోవాలి? అందుకని మా పెద్దవాళ్లకు ప్రసాదం తినే అలవాటే ఉండదు.

ముఖ్యమైనది ఇంకోటి. గట్టిగా పాటించేవాళ్లు పొద్దుగూకాక తినరు, కొందరు నీళ్లు కూడా తాగరు. చౌవిహార్ అంటారు. చీకట్లో కనపడని పురుగు చచ్చిపోతుందని. మీరు సాయంత్రం ఇఫ్తార్ పెడుతున్నారు కదా, భాయ్ వాళ్లు తినడం మొదలుపెట్టే నిమిషానికి మా నాన్న తినడం ఆపేస్తారు.

వేదాయపాళెం_వాసి

ఇది చదివి నేనూ మా ఆవిడా కాసేపు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఒకే సూర్యాస్తమయం!

చందవరం_దారి

మీ ఆఫీసు అన్న లాగే నేనూ బౌద్ధం పాటిస్తా. మా ఊరికి గుండ్లకమ్మ ఒడ్డునున్న చందవరం స్తూపం దగ్గరే. అంబేడ్కర్ 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ఇచ్చిన 22 ప్రతిజ్ఞలు మా ఇంట్లో గోడ మీద ఉంటాయి. మొదటిదే బ్రహ్మ, విష్ణు, మహేశ్వరులను దేవుళ్లుగా పూజించనని. అందుకే వ్రతంలో కూర్చోను, ప్రసాదం అందుకోను. పిలిస్తే భోజనానికి తప్పకుండా వస్తాను, వడ్డిస్తాను, ఎంగిలి విస్తళ్లు తీస్తాను. దుఃఖం ఉంది, దానికి కారణం తృష్ణ, అది పోయే దారి అష్టాంగమార్గం అని బుద్ధుడు చెప్పినదాంట్లో ఎవరి ఇంటి అన్నమూ తినొద్దని లేదు. వ్రతం అయ్యాక రమ్మని ఆయనకు చెప్పండి. పూజలో కూర్చోమని బలవంతపెట్టకండి, అంతే.

చీరాల_నేత

మీ లిస్టులో లేరు కానీ ఒక సంగతి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారు, బెనె ఎఫ్రాయిమ్ అంటారు. యూదులకు శుక్రవారం పొద్దుగూకగానే సబ్బాతు మొదలవుతుంది, శనివారం రాత్రి దాకా పని చేయరు, నిప్పు వెలిగించరు. చేపల్లో పొలుసు, రెక్క రెండూ ఉన్నవే తింటారు. మన నెల్లూరు రొయ్య వాళ్లకు నిషేధం. ఆ పొద్దుగూకే వేళ ఎన్ని మతాలకు గడియారమో చూడండి.

వేదాయపాళెం_వాసి

అందరికీ చేతులెత్తి దండం. ఇలా అనుకున్నాం.

నైవేద్యం వేరుగా తీశాకే మిగతా వంట పంక్తికి. పన్నెండున్నర భోజనం యథాతథం, ఒంగోలు వాళ్లు, బౌద్ధ అన్న అప్పుడే తింటారు. ప్రసాదం ఎవరి చేతిలోనూ పెట్టం, బల్ల మీద పొట్లాలుగా ఉంటుంది, కావలసినవాళ్లు తీసుకుంటారు. ఆడవాళ్లకు పండు, పువ్వు, జాకెట్టు ముక్క.

సాయంత్రం ఆరుంబావు ప్రాంతంలో సూర్యాస్తమయం. కొట్టు పెద్దాయనకు ఐదుంబావుకే విస్తరి వేస్తాం, ఉల్లి లేని వంట. పడమటి గదిలో పటాలు ఇంకా తగిలించలేదు, ఆ గది నమాజుకి.

నిన్న రాత్రి అమ్మకు తుంగధ్వజుడి మాట చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ పిల్లకేమన్నా అవుద్దేమోనని రెండేళ్లుగా భయపడతన్నా నాయనా" అంది. ఆడపడుచుగారు, మీరు చెప్పిందే నిజం. ఈ పొద్దున ఆ అమ్మాయికి అమ్మే ఫోన్ చేసి పిలిచింది.

భాయ్, అమ్మ ఒకటి అడగమంది. ఇల్లు అయింది కాబట్టి వచ్చే మొహర్రంలో చెరువు దగ్గర ఇంటి రొట్టె ఇవ్వాలి. గోధుమ రొట్టెనే కదా, ఎన్ని తీసుకెళ్లాలి?

దర్గామిట్ట_భాయ్

మా నాన్నను అడిగితే చెప్పడు అన్నా, మా పిన్నిని అడిగి రాత్రికి చెప్తా. ఇఫ్తార్‌కి ఖజూరాలు కొనొద్దు, నేను పంపిస్తా.