డే కేర్‌లో పెద్దవాళ్లని "తాతా, నువ్వు" అనడం ప్రేమా, చులకనా?

మాగుంట లేఔట్ వాసి:
మా నాన్నకి 79. లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. అమ్మ పోయాక పగలంతా ఒంటరిగా ఉండలేకపోతుంటే, ఆఫీసుకెళ్తూ నెల్లూరులోనే ఒక డే కేర్‌లో దింపుతున్నాను. మొన్న మధ్యాహ్నం చెప్పకుండా వెళ్లా. మెడకి టవల్ కట్టి, "తాతా, నోరు తెరువు, ఆఁ... గుడ్ బాయ్" అంటూ ఆయా అన్నం పెడుతోంది. నాన్న చేతికి కాస్త వణుకు, అంతే. అడిగితే "ప్రేమతోనే సార్" అన్నారు. పైగా ఆ ఫోటో వాట్సాప్ గ్రూపులో పెట్టారు. నాకైతే మింగుడుపడటం లేదు. మీరేమంటారు?

కోవూరు అక్క:
అబ్బాయ్, నేను ఇలాంటి చోటే ఆయాగా చేశా. పదిహేను మందికి ఇద్దరం. వణికే చేత్తో తింటే ఒక్కొక్కరికి ముప్పావుగంట. ఈలోపు ఇంకొకరు బాత్రూమ్ అంటారు. గబగబా పెట్టేసేది అందుకే, పొగరుతో కాదు. ఇక నువ్వనడం అంటావా, మా ఇళ్లల్లో సొంత నాయన్ని కూడా నువ్వనే అంటాం. "మీరు" అంటే పరాయివాళ్లన్నట్టే.

ఒంగోలు కోడలు:
అక్కా, ఇంట్లో నువ్వు వేరు, ఫీజు తీసుకునే చోట నువ్వు వేరు. మా అత్తగారు పేపరు మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివే మనిషి. ఆమె చేతికి రంగు పెన్సిళ్లిచ్చి చిలకబొమ్మ దిద్దమన్నారు. హాల్లో అందరి ముందూ "అవ్వకి డైపర్ మార్చారా?" అని కేక. ఆ రోజు నుంచి అక్కడున్నంతసేపూ ఆమె మంచినీళ్లు ముట్టడం మానేసింది.

కావలి లాయర్:
తల్లిదండ్రులు, వృద్ధుల పోషణకి 2007లో చట్టం వచ్చింది. పోషణంటే తిండి, బట్ట, నివాసం, వైద్యం అని అందులో ఉంది. వదిలేసి పోతే మూడు నెలల దాకా జైలు. చిలకబొమ్మకి మాత్రం సెక్షన్ లేదండీ. కొట్టడం, తిండి పెట్టకపోవడం లాంటివుంటే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చెయ్యండి. దీనికైతే మేనేజర్ ఎదురుగా కూర్చుని తేల్చుకోవడమే.

కోవూరు అక్క:
డైపర్ మాట తప్పే. చెవిలో అడగడానికి టైమేం పట్టదు. అయినా మనిషి నీళ్లు మానేస్తే అక్కడెవరూ చూసుకోలేదా?

మాగుంట లేఔట్ వాసి:
ఇన్ని రోజులూ వాళ్లనీ, మిమ్మల్నీ అడిగా గానీ నాన్నని అడగలేదు. రాత్రి అడిగా. "తాతంటే అననీరా, వయసొచ్చింది. ఆ టవల్ మాత్రం వద్దని చెప్పు. నేనే తింటా, మీద పడితే పడుద్ది" అన్నారు. మరి ఫోటో సంగతేంటి నాన్నా అంటే, "ఏ ఫోటో?" అన్నారు.

కోవూరు అక్క:
ముందు అది తీయించు అబ్బాయ్.