అప్‌డేట్: చెల్లితో కలిసి 'మడోకా మాజికా' చూశాను

పదో తరగతి చదివే మా చెల్లికి ఈ జపనీస్ యానిమే సిరీస్ (ఒక కోరిక తీర్చుకుని, బదులుగా మంత్రగత్తెలతో పోరాడే అమ్మాయిల కథ) చూపించవచ్చా అని ఇంతకుముందు ఇక్కడ అడిగితే, పక్కనే కూర్చుని చూడమన్నారు. అలాగే 12 ఎపిసోడ్లూ చూశాం. (కథ చూడనివారు ఇక్కడితో ఆగండి.)

మూడో ఎపిసోడ్‌లో, ఆ పోరాటంలో అనుభవమున్న మామి చనిపోగానే చెల్లి నా చేయి గట్టిగా పట్టుకుంది, అయినా ఆపనివ్వలేదు. తనను నిజంగా కలచివేసింది మడోకా స్నేహితురాలు సాయకా. ఇష్టపడ్డ అబ్బాయి చేయి బాగుపడాలని కోరుకుని, అందుకు మూల్యంగా తన ఆత్మనే సోల్ జెమ్ అనే రత్నంలో పెట్టుకున్న పిల్ల, చివరికి తానే మంత్రగత్తె అవుతుంది. కోరికలు తీర్చి ఈ ఒప్పందాలు చేయించే వింతజీవి క్యూబే అబద్ధం చెప్పదు. అడగనిది చెప్పదు, అంతే. "అందుకే దాని మీద ఇంకా కోపం" అంది చెల్లి.

పదో ఎపిసోడ్‌లో హోమురా అనే మరో అమ్మాయి గతం తెలిశాక, పట్టుబట్టి మొదటి ఎపిసోడ్ మళ్లీ పెట్టించుకుంది. 2011 నాటిదైనా గెన్ ఉరోబుచి రచన వన్నె తగ్గలేదు. దీని కొనసాగింపు 'రెబెలియన్' సినిమా మాత్రం పరీక్షలయ్యాకే. సలహా ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు.