2014 బైక్‌కి పగలు కూడా లైట్: హెడ్‌లైట్‌ని డీసీకి (బ్యాటరీ కరెంటుకి) మార్చాలా, డీఆర్‌ఎల్ (పగలు వెలిగే చిన్న లైటు) చాలా?

2017 ఏప్రిల్ నుంచి కొత్త బైకులకు ఇంజిన్ స్టార్ట్ అవగానే హెడ్‌లైట్ వెలుగుతుంది. నాది అంతకుముందుది, 2014 నాటి 125 సీసీ బండి; దీనికీ పగలు లైట్ వెలిగేలా చేయాలనుకుంటున్నా. బల్బు హెచ్‌ఎస్1 రకం హాలోజెన్, లోబీమ్, హైబీమ్ రెండూ 35 వాట్లే. హెడ్‌లైట్‌కి కరెంటు బ్యాటరీ నుంచి కాకుండా ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే స్టేటర్ కాయిల్ నుంచి నేరుగా ఏసీగా వస్తుంది. అందుకే ఐడిల్‌లో ఫిలమెంట్ నారింజ రంగుకి దిగిపోతుంది. పక్క సందులోంచి దూసుకొచ్చే ఆటోకి బండి కనిపించాల్సింది సరిగ్గా అప్పుడే.

డీసీకి మారిస్తే 35 వాట్లకి దాదాపు 3 ఆంపియర్లు కావాలి. బ్యాటరీ కెపాసిటీ 5 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు). ఏసీలో సగాన్నే డీసీగా మార్చే ఇప్పటి హాఫ్‌వేవ్ రెక్టిఫైయర్‌నే ఉంచితే ట్రాఫిక్‌లో బ్యాటరీ డౌన్ అవుతుంది. మొత్తాన్నీ మార్చే ఫుల్‌వేవ్ కావాలంటే స్టేటర్ కాయిల్ ఎర్త్ కొసని విప్పి విడి వైరుగా బయటికి తీయాలి. అలా చేసినవాళ్లు ఉంటే చెప్పండి: లోబీమ్ వెలుగుతుండగా ఐడిల్‌లో, 4000 ఆర్‌పీఎంలో బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర ఎన్ని వోల్టులు చూపించింది?

దయచేసి ఎల్‌ఈడీ బల్బు వేయమనకండి. హాలోజెన్ రిఫ్లెక్టర్‌లో ఫిలమెంట్ ఉండే చోటికి చిప్ సరిగ్గా కుదరకపోతే వెలుగు చెదిరి ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది.

లేదంటే 5 వాట్ల డీఆర్‌ఎల్‌ని ఇగ్నిషన్ లైన్ నుంచి, 2 ఆంపియర్ల ఫ్యూజుతో ఇస్తే మిట్టమధ్యాహ్నం ఎండలో ఎంత దూరం నుంచి కనిపిస్తుంది?