14 నెలల బాబుకి కడుపులో బల్ల: ఏఎఫ్‌పీ 240 అంటే నమ్మొచ్చా?

ప్రశ్న (అమలాపురం, పిల్లల క్లినిక్)
లంక ఊరి బాబు, 14 నెలలు. నెలలు నిండకుండా 1.2 కేజీలతో పుట్టాడు. కుడి పక్కటెముకల కింద బల్ల తగులుతోందని తెచ్చారు. జ్వరం, కామెర్లు లేవు. స్కానింగ్‌లో లివర్ కుడి లోబులో 9 సెంటీమీటర్ల గట్టి గడ్డ, కిడ్నీ విడిగానే ఉంది. ప్లేట్‌లెట్లు 8.6 లక్షలు. ఏఎఫ్‌పీ (లివర్ క్యాన్సర్లలో పెరిగే రక్తంలోని ప్రోటీన్) మాత్రం 240. హెపటోబ్లాస్టోమా (చిన్నపిల్లల లివర్ క్యాన్సర్) అయితే వేలల్లో, లక్షల్లో ఉండాలి కదా? ఇక్కడే ఎఫ్‌ఎన్‌ఏసీ (సన్న సూదితో కణాలు తీసే పరీక్ష) చేయించి పంపమంటారా?

జవాబు (కాకినాడ, ల్యాబ్)
ఆ 240ని అప్పుడే నమ్మకండి సార్. ఏఎఫ్‌పీ లక్షల్లో ఉంటే కిట్‌లోని యాంటీబాడీలన్నీ విడివిడిగా నిండిపోయి జత కట్టలేవు, మెషిన్ తక్కువ చూపిస్తుంది. హుక్ ఎఫెక్ట్ అంటాం. అదే శాంపిల్‌ని 1:10, 1:100, 1:1000 పలచన చేసి మళ్లీ పెట్టించండి. పలచనకి తగ్గట్టు గుణించిన అంకె పెరుగుతూ పోతే మొదటిది తప్పే. చీటీ మీద "లివర్ గడ్డ, పలచన చేయాలి" అని రాయకపోతే ల్యాబ్ వాళ్లకి తెలిసే దారి లేదు. వయసూ రాయండి. పుట్టినప్పుడు పదుల వేలల్లో ఉండేది 8 నెలలకల్లా పదికి అటూఇటూ దిగిపోతుంది, నెలలు తక్కువ పిల్లల్లో కాస్త ఆలస్యం. 14 నెలలకి 240 కూడా మామూలేం కాదు.

జవాబు (భీమవరం, రేడియాలజీ)
ఇక్కడ మామూలు సీటీ తీయించి పంపకండి. పెద్ద సెంటర్లో మళ్లీ తీస్తారు, రెండుసార్లు మత్తు, రెండుసార్లు రేడియేషన్. డాప్లర్ (రక్త ప్రవాహం చూసే స్కానింగ్) చేసి పోర్టల్ వెయిన్‌లో (లివర్‌కి రక్తం తెచ్చే పెద్ద నాళం) గడ్డ పాకిందో లేదో చూస్తే చాలు. ట్రైఫేజిక్ (మూడు దశల్లో తీసే) సీటీ లేదా ఎంఆర్‌ఐ, ఛాతీ సీటీ కలిపి అక్కడే. లివర్‌ని నాలుగు భాగాలుగా లెక్కేసి ప్రీటెక్స్ట్ (గడ్డ ఎంత మేర ఉందో చెప్పే 1 నుంచి 4 అంకె) ఇస్తారు. పక్కపక్కన మూడు భాగాలు ఖాళీగా ఉంటే 1, ఏదీ ఖాళీ లేకపోతే 4.

జవాబు (రాజమండ్రి, పిల్లల సర్జన్)
ఎఫ్‌ఎన్‌ఏసీ వద్దండీ. నాలుగు కణాలతో గడ్డ రకం తేలదు, పైగా రక్తం కారే ప్రమాదం. బయాప్సీ లావు సూదితో, మంచి లివర్ గుండా, తర్వాత కోసి తీసేసే భాగం వైపు నుంచే వెళ్లాలి. అందుకే కీమో ఇచ్చేచోటే చేయించాలి. విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

గడ్డ పాకకుండా ఉంటే సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఒక్కటే 14 రోజులకోసారి ఇచ్చి, చిన్నదయ్యాక కోస్తారు. నాలుగు భాగాలూ పట్టి, కీమోకి తగ్గకపోతే లివర్ మార్పిడి. సిస్‌ప్లాటిన్ చెవుడు తెస్తుంది కాబట్టి మొదటి డోసుకి ముందే వినికిడి పరీక్ష జరగాలి. చెవుల్ని కాపాడే సోడియం థయోసల్ఫేట్ ఇస్తే సిస్‌ప్లాటిన్ ఎక్కడం పూర్తయిన ఆరు గంటల తర్వాతే. ముందుగా ఇస్తే కీమో పనే దెబ్బతింటుంది. పలచన చేశాక కూడా ఏఎఫ్‌పీ 100 లోపే ఉంటే మొండి రకం కావచ్చు, ఫోన్లోనే చెప్పండి.

బల్ల అనగానే మన వైపు పసరు రుద్దుతారు, వాతలు పెడతారు. ఆ తల్లిని కూర్చోబెట్టి మరీ చెప్పండి, కడుపు నొక్కనే కూడదు. బిడ్డ ఉన్నట్టుండి తెల్లగా పాలిపోయి, పొట్ట ఉబ్బి, నాడి పరిగెడితే గడ్డ పగిలినట్టే. దగ్గర్లో రక్తం ఎక్కించే ఆసుపత్రికే ముందు.

మళ్లీ ప్రశ్న (అమలాపురం)
ఇదే గడ్డ మూడు నెలల పాపకి ఉంటే?

జవాబు (రాజమండ్రి)
ఆ వయసులో ముందు హెమాంజియోమా (రక్తనాళాల గడ్డ) గుర్తుకు రావాలి. ఏఎఫ్‌పీ అప్పటికింకా సహజంగానే ఎక్కువ, దాన్నొక్కదాన్నే పట్టుకోకండి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), ఎకో (గుండె స్కానింగ్) తప్పనిసరి. పెద్ద హెమాంజియోమాలు థైరాయిడ్ హార్మోన్‌ని తినేస్తాయి, గుండె మీద భారం వేస్తాయి. దాన్ని తగ్గించే ప్రొప్రనొలోల్ మందు మొదలుపెడితే పాలు తాగిన వెంటనే వేయాలి. వాంతులై తాగని పూట ఆపేయాలి, లేకపోతే షుగర్ పడిపోతుంది.